నాలుగో మెషీను

చేపల కౌంటరు మూసేసిన సోమవారం
మోరాగ్ తన కత్తిని అట్టముక్కలో చుట్టుకుని
ఇంటికి పట్టుకుపోయింది.
కత్తి కంపెనీదే. ఎవరూ అడగలేదు.
ఇరవై రెండేళ్లు నూరీ నూరీ
సగానికి అరిగిపోయింది,
ఇంకెవరి చేతికీ ఒదగదు.

మంచు పోసే స్టీలు తొట్టి ఉన్నచోట
ఇప్పుడు ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి.
రేవు మాత్రం ఉన్నచోటే ఉంది, రోడ్డుకి అవతల.
పీటర్‌హెడ్‌లో దిగిన చేప
లారీ ఎక్కి ఎక్కడికో పోయి
ప్లాస్టిక్‌లో ముడుచుకుని
మళ్లీ మా ఫ్రిజ్జులోకే వస్తుంది,
పుట్టిన ఊరి పేరు చెప్పకుండా.

నన్ను బేకరీ నుంచి రాత్రిళ్లు అరలు సర్దడానికి మార్చారు.
రొట్టె ఇప్పుడు గడ్డకట్టి వస్తుంది, వేడి చేస్తే చాలు.
వేడి చేయడానికి పద్దెనిమిదేళ్ల ఐలీ చాలు.
డ్యూటీ చార్టు గోడ దిగి ఫోనులో దూరింది.
ఆదివారం రాత్రి పదకొండుకి టింగుమంటుంది:
ఈ వారం నీకు పదహారు గంటలు.
పోయినవారం ఇరవై తొమ్మిది.
గోడైతే ఎదురుగా నిలబడి
తిట్టుకునేవాళ్లం కనీసం.

మోరాగ్‌కి ఆరు మెషీన్లు అప్పజెప్పారు.
నిలబడాలి. చూడాలి. ఎర్రదీపం వెలిగితే వెళ్లి
మెళ్లో కార్డు ఆనించి, పచ్చ చేసి, రావాలి.
మొదటివారం ఆమె చేతులకి ఏం తోచక
ఏప్రాను అంచుని పొలుసులు తీసినట్టు గీకేవి.
"సంచిలో అనుకోని వస్తువు" అంటుంది మెషీను
లండన్ యాసలో.
"నేనేనమ్మా ఆ వస్తువు" అంటుంది మోరాగ్.
నవ్వాం. నాలుగు రోజులు నవ్వాం.

స్ట్రాకన్ ముసలాయన మంగళ, శుక్రవారాలు వస్తాడు.
ఒకప్పుడు పడవ మీద వంటవాడు.
ఒక్క హాడక్ ముక్క కొంటాడు.
కౌంటరు ఉన్న రోజుల్లో
అది తోకవైపుదా నడుమువైపుదా అని
పావుగంట వాదించేవాడు.
ఇప్పుడు నాలుగో మెషీను దగ్గర నిలబడి
పొట్లం పక్కన తన టోపీ పెడతాడు.
ఎర్రదీపం.
మోరాగ్ వెళ్తుంది. టోపీ తీస్తుంది. పచ్చ.
"ఎప్పుడు పట్టిందంటావు ఇది?"
ప్లాస్టిక్ మీంచే బొటనవేలితో నొక్కి చెబుతుంది:
"గురువారం. తోకవైపు."
ఈసారి చేతితొడుగు పెడతాడు.
మళ్లీ ఎరుపు.

ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాం.
మెషీనుకి తెలుసు. అది లెక్క రాసుకుంటుంది.
కొత్త మేనేజరు కీరన్ చెడ్డవాడు కాదు,
తన ఉద్యోగమూ ఇంకెవరి తెర మీదో
అంకెలా వణుకుతుండాలి.
టాబ్లెట్ తిప్పి చూపించాడు:
నాలుగో మెషీను, మంగళవారం, పదకొండు జోక్యాలు.
దుకాణం సగటు రెండు.
"మెషీను రిపేరు చేయించాలా, మనిషిని మార్చాలా?"
నేల చూస్తూ అడిగాడు.

ఆ శుక్రవారం నాకు పగటి షిఫ్టు పడింది, అందుకే చూశాను.
మోరాగ్ ఆయన చెయ్యి పట్టుకుని
పలక మీద పిల్లాడి చేత ఓనమాలు దిద్దించినట్టు
తెర మీద దిద్దించింది.
ఇక్కడ నొక్కు. చారల వైపు కిందికి తిప్పు. సంచిలో పెట్టు.
టోపీ నెత్తినే ఉంచు.
ఆయనకి వచ్చు. మొదటి నుంచీ అంతా వచ్చు.
అయినా నేర్చుకున్నాడు,
రెండుసార్లు తప్పుచేసి మరీ నేర్చుకున్నాడు.
మూడోసారి దీపం పచ్చగానే ఉండిపోయింది.
ఆమె చేతిని వెంటనే వదల్లేదు.

నాలుగో మెషీను ఇప్పుడు ఒకటి, సున్నా, సున్నా.
స్ట్రాకన్ వస్తాడు, తప్పు లేకుండా చేసుకుంటాడు,
తలుపు దగ్గర ఆగి పొట్లం పైకెత్తుతాడు.
దూరం నుంచే మోరాగ్
తన నడుము మీద చెయ్యి వేసుకుంటుంది,
లేదంటే వెనక్కి, లేని తోకని చూపిస్తుంది.
ఆయన తలూపి, వానలోకి వెళ్లిపోతాడు.

నిన్న మోరాగ్‌కి గంటలు లేవు.
ఐలీ నిలబడింది ఆరు మెషీన్ల ముందు.
"ఆ ముసలాయన చేప ఎత్తి చూపించాడు,
ఎందుకో తెలీదు,
చెయ్యి ఊపాను" అంది నాతో.
"సరిపోయిందా?"